దుప్పటి ఎత్తే సీను

మా హిందీ క్రైమ్ సినిమాల్లో ఎవడెప్పుడు చస్తాడో నాకు కథ వినకుండానే తెలుస్తుంది. బట్టల లిస్టు చూస్తే చాలు. పోలీసులకి కబుర్లు మోసేవాడికి గళ్ళ చొక్కా. వాడు "సాబ్, అసలు వాడి పేరేంటంటే..." అని నోరు తెరవగానే ఎక్కడినుంచో తూటా వస్తుంది కాబట్టి ఆ చొక్కాలు మూడు సిద్ధంగా పెట్టుకుంటాం. నిజాయితీ ఇన్‌స్పెక్టర్‌కి ఖాకీ ఒక సైజు బిగుతు. అతని పక్కన పెళ్ళి కుదిరిన కానిస్టేబులు ఒకడుంటాడు, వాడికి రెండో జత దండగ, ఇంటర్వెల్ దాటడు. నేను పనిలో చేరిన కొత్తల్లో డాన్ అంటే తెల్ల సూటు, తెల్ల బూట్లు. తర్వాత నల్ల చొక్కాలొచ్చాయి. ఇప్పుడు డాన్ మాసిన బనీనేసుకుని బొంబిల్ చేప నంజుకుంటాడు, దాన్ని సహజత్వం అంటారు. కొత్త బనీనుకి సహజంగా మురికి పట్టించడానికి నాకు రెండు రోజులు పడుతుంది, ఆ సంగతి ఎవడికీ పట్టదు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా గోరేగావ్ స్టూడియోల్లో డ్రెస్‌మ్యాన్ని నేను. మా తాత జగిత్యాల నుంచి మగ్గం వదిలేసి ఇక్కడి మిల్లులో చేరాడు, మా నాన్న మిల్లు వదిలేసి దర్జీ అయ్యాడు. నా పేరు పోశెట్టి. వీళ్ళకి నోరు తిరక్క శెట్టీ అన్నారు. అప్పట్నుంచి నన్ను మంగుళూరు వాడనుకుని, మంచి ఇడ్లీ ఎక్కడ దొరుకుతుందని అడుగుతుంటారు. చెప్తుంటాను.

అన్నీ మారాయి గానీ ఒక్క సీను మాత్రం నేను చేరినప్పుడెలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. శవాల గది. ఇనప బల్ల, దాని మీద దుప్పటి కప్పిన ఆకారం, ఇద్దరు ఖాకీలు, గుమ్మంలో తల్లి. బల్ల దగ్గరివాడు దుప్పటి ఎత్తుతాడు. కింద ఏముందో చూపించరు. తల్లి మొహమే చూపిస్తారు. చచ్చినవాడు హీరో అయితే ఆ తల్లి పేరున్న నటి. హీరో తమ్ముడో, ముఠాలో వంటలు చేసే కుర్రాడో అయితే కుందాబాయి.

కుందా పెడ్నేకర్ నాకంటే రెండేళ్ళు పెద్ద. మొగుడు మిల్లు కార్మికుడు. మిల్లు మూతపడ్డాక తాగి తాగి పోయాడు. చంకలో పిల్లాడితో, పక్కింటావిడ వెంట జూనియర్ ఆర్టిస్టుల గుంపులోకి వచ్చింది. పెద్ద పెద్ద కళ్ళు, లోపలికి పోయిన బుగ్గలు. ఆ మొహం చూసి ఎవరో ఆమెని ఆ గుమ్మంలో నిలబెట్టారు. ఇక అక్కడే ఉండిపోయింది. పాతికేళ్ళలో ఎన్ని శవాల మీద ఏడ్చిందో ఆమెకే లెక్క లేదు. సెట్లో అందరూ "శవాలమ్మ" అనేవాళ్ళు, మా వైపు అమ్మవారి పేరులాగా. మొహం మీదే అనేవాళ్ళు. నవ్వేసేది.

ఆమె చీర నా చేతి పని. తెల్లచీర లైట్ల కింద మరీ మెరిసిపోతుంది, అందుకని టీ నీళ్ళలో ముంచి ఆరేస్తాం. "శెట్టీ, నీ పుణ్యమా అని నా దగ్గరెప్పుడూ టీ కొట్టు వాసనే" అనేది.

మొదటిసారి ఆ సీను చేసినప్పుడు కుందాబాయి నిజంగానే కిందికి చూసిందట. దుప్పటి కింద చుట్టిన పరుపు, దాని పక్కన నక్కి కూర్చుని వడాపావ్ తింటున్న లైట్‌మ్యాన్. ఫక్కున నవ్వింది. డైరెక్టర్ నానా బూతులూ తిట్టాడు. కెమెరామన్ మాత్రం నెమ్మదస్తుడు. లైటు స్టాండుకి తెల్లటి టేపు ముక్క అంటించి, "బాయీ, కిందికి చూడొద్దు, దీన్ని చూడు. దుప్పటి లేవగానే ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టు. మూడుకి చెయ్యి నోటి మీదికి. నాలుగుకి ఒకడుగు వెనక్కి. ఐదుకి కేక" అని నేర్పాడు. డైరెక్టర్ ఇంకో మాట కలిపాడు. "నీకు కొడుకున్నాడా? అక్కడ పడుకుంది వాడే అనుకో."

అనుకుంది. ఆ రోజు నుంచీ ప్రతిసారీ అదే అనుకుంది. కిందికి మాత్రం మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

కొడుకు సందేశ్. వాణ్ణి నేనూ పెంచినట్టే. తల్లి షాటులో ఉంటే నా బట్టల గదిలో ఖాకీ గుట్ట మీద పడి నిద్రపోయేవాడు. పెద్దయ్యాక లిఫ్టు మెకానిక్ అయ్యాడు. చెయ్యి పనిమంతుడిదే గానీ బుర్రలో కోపం ఎక్కువ. తండ్రి తాగుడు కూడా కొంచెం వచ్చింది. చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు ఇప్పుడు వాణ్ణి పొగడక్కర్లేదు, ఒక్కచోట ఆర్నెల్లు పని చేసిన పాపాన పోలేదు.

వాడు ఇల్లు వదలడానికి కారణం సినిమాయే. ఒక షాటులో కుందాబాయి ఏడుపు ఊపులో, పాత్ర పేరు బదులు "సందేశ్!" అని అరిచింది. డబ్బింగులో గొంతు సరిచేశారు. పెదాల్నెవరు సరిచేస్తారు? ఆ సినిమా టీవీలో వస్తుంటే స్నేహితులందరి మధ్యా కూర్చుని చూశాడు వీడు. గొంతు ఇంకెవడి పేరో పిలుస్తోంది, పెదాలు మాత్రం వీడి పేరే అంటున్నాయి. ఇంటికొచ్చి గిన్నెలు విసిరేశాడు. అప్పుడు నేనక్కడే ఉన్నాను, ఆదివారం చేపల పులుసు తినడానికి వెళ్ళి.

"కూలి కోసం రోజూ నన్ను చంపుకుంటున్నావా?" అన్నాడు.

"ఒరేయ్, అది వేషంరా! నోరు జారింది."

"ఇన్నేళ్ళూ మనసులో ఎవణ్ణి పడుకోబెట్టావు ఆ బల్ల మీద? నిజం చెప్పు."

కుందాబాయికి అబద్ధం చేతకాదు. వంగి గిన్నెలు ఏరుకోసాగింది.

"ఉద్యోగం నిలవట్లేదు, పిల్లనెవరూ ఇవ్వట్లేదు. ఎందుకా అనుకుంటున్నా ఇన్నాళ్ళూ. కన్నతల్లే రోజూ శాపం పెడుతుంటే ఇంకేం బాగుపడతాను?"

"నోర్ముయ్‌రా! నీ చదువు, నీ తిండి ఆ ఏడుపులోంచే వచ్చాయి" అన్నాన్నేను. అనకుండా ఉండాల్సింది. వాడు నా వైపు ఒక చూపు చూసి, చెప్పులేసుకుని వర్షంలోకి వెళ్ళిపోయాడు. ఫోను కట్టేశాడు. పదకొండు రోజులు జాడ లేదు. ఏ రైలెక్కి పోయాడో ఏమోనని కుందాబాయి రైల్వే పోలీసుల దగ్గర కంప్లైంట్ రాసిచ్చింది.

పన్నెండో రోజు పొద్దున సెట్లో ఉండగా ఫోనొచ్చింది. రెండు స్టేషన్ల మధ్య, పట్టాల పక్కన ఒక శవం దొరికిందనీ, వయసు ముప్పై లోపనీ, జేబులో ఏమీ లేదనీ, వచ్చి చూడమనీ. బట్టలు మార్చుకోమని చెప్పడానికి నాకు తోచలేదు. టీ నీళ్ళలో ముంచిన ఆ చీరతోనే ఆటో ఎక్కింది. దారంతా నా మణికట్టు పట్టుకుని కూర్చుంది, ఎంత గట్టిగానంటే ఆమె గాజుల గుర్తులు రెండు రోజులు ఉండిపోయాయి.

ఆ గది మా సెట్టు కంటే చిన్నది. వాసన తప్ప మిగతా అంతా మేం వేసినట్టే ఉంది. ఇనప బల్ల, దుప్పటి, ఇద్దరు ఖాకీలు. గుమ్మంలో నిలబెట్టారు. అప్పుడు నేనొక పని చేశాను. ఇప్పటికీ తలుచుకుంటే నా చెయ్యి నాకే అసహ్యం వేస్తుంది. ఆమె భుజం మీద కొంగు సరిచేశాను. షాటుకి ముందు చేసే పని. చేసి, అలవాటు కొద్దీ ఒకడుగు వెనక్కి వేసి ఆమె వీపు వెనకాల నిలబడ్డాను, కెమెరాకి అడ్డం రాకుండా.

బల్ల దగ్గరివాడు దుప్పటి ఎత్తాడు.

కుందాబాయి కళ్ళు కిందికి దిగలేదు. ఎదురు గోడ మీద స్విచ్చిబోర్డు ఉంది. దాన్ని చూసింది. ఒకటి, రెండు, మూడు. చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. ఒకడుగు వెనక్కి వేసి నా కాలు తొక్కింది. అప్పుడు అరిచింది. ఆ అరుపు విని ఒక ఖాకీ కళ్ళు తుడుచుకున్నాడు. బల్లవాడు గబుక్కున దుప్పటి కప్పేశాడు. "తల్లి గుర్తుపట్టింది" అని హవల్దారు రాసుకున్నాడు. కాగితం పెడితే సంతకం చేసింది. అంతా కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆమె చూడలేదని నాకు తెలుసు. నేనూ చూడలేదు. ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ తల్లి అంతలా ఏడ్చాక, ఇంకోసారి చూడమ్మా అనడానికి ఎంత రాతిగుండె కావాలి? పట్టాల కేసు, మొహం విప్పకండన్నారు ఆస్పత్రివాళ్ళు. విప్పలేదు. మధ్యాహ్నానికల్లా కరెంటు దహనం అయిపోయింది. పదమూడో రోజు కర్మ కూడా చేయించాం. కాకి పిండం ముట్టలేదు. కొంకణం వాళ్ళకి అది పెద్ద పట్టింపు. గంటసేపు చూసి చూసి, దర్భతో కాకిని చేసి ముట్టించాడు పురోహితుడు.

ఆ సాయంత్రం నేను చెప్పులేసుకుంటుంటే దగ్గరికొచ్చింది.

"శెట్టీ, నేను చూళ్ళేదురా."

"తెలుసక్కా."

"తెలిసీ ఊరుకున్నావా?"

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె మొహంలో దీపం పెట్టినట్టు వెలుగొచ్చింది. "అయితే వాడు కాకపోవచ్చు కదా! అందుకే కాకి ముట్టలేదు. బతికున్నవాడి పిండం కాకెందుకు తింటుంది?"

ఆ రోజు నుంచీ కొడుకు ఆమెకి బతికే ఉన్నాడు. వాడి ఫోనుకి నెలనెలా రీచార్జి చేయించేది. ఆదివారం వాడికిష్టమైన బాంగ్డా చేప తెచ్చి రెండు కంచాలు పెట్టేది. గోడకి వేలాడదీసిన ఫొటోకి చుట్టాలు దండ వేస్తే తీసి అవతల పారేసింది. ఆమె ఉండే చాల్‌లో, ఆ వరస గదుల ఆడవాళ్ళంతా పిచ్చెక్కిందన్నారు. నేను మాత్రం ఏమనగలను? ఆ పిచ్చికి సగం వాటాదారుణ్ణి నేనే.

"రైల్వే పోలీసులు ప్రతి శవానికీ ఫొటో తీసి పెట్టుకుంటారక్కా. వెళ్ళి ఒక్కసారి చూసొద్దాం పద" అన్నాను చాలాసార్లు.

"ఎందుకూ? చూస్తే ఏమొస్తుంది?"

"తెలుస్తుంది కదా!"

"నాకు తెలియక్కర్లేదు. చూడనంతసేపూ వాడున్నాడు. నీ సొమ్మేం పోయింది?"

నాకు ఒళ్ళు మండేది. మళ్ళీ జాలేసేది. పనిలో కూడా దెబ్బతింది. జూనియర్ ఆర్టిస్టుల్ని పంపే కోఆర్డినేటర్ అదే సీనుకి పిలిస్తే గుమ్మంలో నిలబడి అందరి ముందూ చెప్పేసింది, "ఏడుపు రావట్లేదు సాబ్. నా కొడుకు బాగానే ఉన్నాడు." అందరూ మొహమొహాలు చూసుకున్నారు. ఆమె స్థానంలో ఇంకో ఆవిణ్ణి పెట్టుకున్నారు. కుందాబాయికి బజారు సీన్లలో కూరలమ్మే వేషాలు మిగిలాయి. తుపాకులు పేలినప్పుడు బుట్ట వదిలేసి పారిపోవాలి, అంతే. ఆ పనికి డైలాగే లేదు.

దసరా వెళ్ళాక ఒక మధ్యాహ్నం, ఆమె గుమ్మంలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పేరు రామ్‌నిహోర్. జౌన్‌పూర్ మనిషి. జోగేశ్వరి గేదెల కొట్టాల్లో పాలు పితుకుతాడు. ఆయన కడగొట్టు తమ్ముడు ఇరవై ఎనిమిదేళ్ళవాడు, సరిగ్గా ఆ వారంలోనే రైలెక్కి మళ్ళీ కనబడలేదు. రైల్వే పోలీసుల చుట్టూ తిరుగుతుంటే ఎవరో ఒక మాట అన్నారట. ఆ వయసు శవమే ఆ వారంలో ఒకటి దొరికింది గానీ, సినిమా ఆవిడొచ్చి, బ్రహ్మాండంగా ఏడ్చి, తన కొడుకని తీసుకుపోయిందని.

"తప్పుగా అనుకోకండమ్మా. మీ దుఃఖం మీది. ఒక్క సంగతి అడుగుదామని వచ్చాను. ఆ అబ్బాయి కుడికాలికి ఆరు వేళ్ళున్నాయా?" అన్నాడు.

కుందాబాయి నా వైపు చూసింది. ఆరున్నాయంటే ఈమె కొడుకు బతికినట్టు, ఆయన తమ్ముడు పోయినట్టు. ఐదంటే తిరగేసి అంతే. నేనైతే ఏదో ఒకటి అనేసేవాణ్ణి. ఆమె చాలాసేపు కొంగు చివర నలుపుతూ కూర్చుంది.

"నేను చూళ్ళేదన్నా" అంది చివరికి.

"కాళ్ళు చూళ్ళేదా?"

"మొహం కూడా చూళ్ళేదు."

ముసలాయనకి అర్థం కాలేదు. "మరి ఏడ్చారన్నారే. చూడకుండానే అంతలా ఏడ్చారా తల్లీ?" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. తెలియక అడిగాడు. కుందాబాయి మాత్రం చెంపదెబ్బ తిన్నట్టు తల వంచేసుకుంది.

"ఊళ్ళో మా మరదలు బొట్టు పెట్టుకోవాలో తుడుచుకోవాలో తెలియక కూర్చుంది. రోజూ ఫోన్లో అడుగుతోంది, నేనేం చెప్పాలమ్మా? ఆ ఫైలు మూసేశారట. శవాన్ని తీసుకెళ్ళినవాళ్ళు వస్తే గానీ ఫొటో బయటికి తియ్యం అంటున్నారు" అన్నాడాయన.

ఆమె లోపలికెళ్ళి మొహం కడుక్కుంది. ఆ రోజు ఆదివారం, పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది. పొయ్యి కట్టేసి గిన్నె మీద మూత పెట్టింది.

"పద శెట్టీ. ఈయన ఇంట్లో ఇంకో ఆడది కూర్చుంది నాలాగా."

పోలీసుల దగ్గర పాత హవల్దారే ఉన్నాడు. విషయం విని నొసలు చిట్లించాడు. "ఇదేం తమాషా అమ్మా? సంతకం పెట్టి తీసుకెళ్ళారు. ఇప్పుడొచ్చి చూడలేదంటారా? నా ఉద్యోగానికి ఎసరు పెడతారా?"

"తప్పు నాదే సాబ్. ఏం రాయాలో రాసుకోండి. ఫొటో చూపించండి" అంది.

సణుక్కుంటూనే బీరువా తెరిచి ఫైలు తీశాడు. అందులో ఒక కవరు. దాన్ని రామ్‌నిహోర్ ముందు పెట్టాడు. ముసలాయన చెయ్యి చాచి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"ఈ బీరువాలో నలభై మొహాలు చూశాను సాబ్. ఒక్కొక్కటి చూసినప్పుడల్లా ప్రాణం పోయి వచ్చింది. ఇక నా వల్ల కాదు" అని గోడవైపు తిరిగిపోయాడు. "అమ్మా, మీరే చూసి చెప్పండి."

కుందాబాయి కవరు అందుకుంది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. ఫొటో బయటికి తీసి బల్ల మీద పెట్టి, దాని మీదికి వంగింది. నేను ఈసారి ఆమె వెనకాల నిలబడలేదు. పక్కకొచ్చి నేనూ చూశాను.

మొహం ఎడమవైపు చెడిపోయింది. కుడివైపు బాగానే ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, వాడు నిద్రపోతున్నప్పుడు ఎప్పుడూ ఉన్నట్టే. సందేశే. అనుమానమే లేదు. బల్ల అంచు పట్టుకున్నాను. కుందాబాయి కదల్లేదు. వేలితో ఫొటోలో వాడి జుట్టు నుదుటి మీద నుంచి పక్కకి నెట్టబోయింది. అది పక్కకి జరగలేదు. మళ్ళీ నెట్టింది. పైన ఫ్యాను తిరుగుతోంది, బయట విరార్ లోకల్ రైలు వెళ్ళిపోయింది. ఆమె నోట్లోంచి చిన్న శబ్దం కూడా రాలేదు. నాకు భయమేసి భుజం మీద చెయ్యి వేశాను. తీసేసింది.

"ఏమ్మా, ఏం రాసుకోను?" అన్నాడు హవల్దారు. గొంతు తగ్గించే అడిగాడు.

ఆమె ఫొటోని కవర్లో పెట్టింది. లేచి, గోడవైపు తిరిగి నిలబడ్డ ముసలాయన దగ్గరికెళ్ళింది.

"అన్నా, ఇటు తిరగండి. మీ తమ్ముడు కాదు."

ఆయన తిరిగాడు. "సరిగ్గా చూశారా తల్లీ?"

"చూశాను. మావాడే. మీ మరదల్ని బొట్టు పెట్టుకోమనండి."